మాన్‌స్టర్ ట్రెమొలో పెట్టె: ప్రాజెక్టు డైరీ

ఆదివారం

ఆర్.ఈ.ఎం. అనే అమెరికన్ రాక్ బ్యాండ్ 1994 సెప్టెంబర్‌లో 'మాన్‌స్టర్' అనే ఆల్బమ్ విడుదల చేసింది. అందులో గిటార్ ఒక రకంగా వణుకుతుంది. తీగ మోగుతూనే ఉంటుంది కానీ శబ్దం పెరుగుతూ తగ్గుతూ, వస్తూ పోతూ ఉంటుంది. దాన్ని ట్రెమొలో అంటారు. ఆ వణుకుని ఇచ్చే పెట్టెను మొదటి నుంచీ నా చేతులతో కట్టాలి. దాంతో ఆ ఆల్బమ్ పాటలు వాయించాలి. ఆ తర్వాత గొంతు కలిపి మిక్స్ చేసి చూడాలి. ఇదీ ప్రాజెక్టు.

రెడీమేడ్ పెడల్ (కాలితో నొక్కి గిటార్ శబ్దం మార్చే పెట్టె) దొరుకుతుంది, ఫోన్‌లో యాప్‌లు కూడా ఉన్నాయి. కానీ నాకు కావలసింది ఒక్క శబ్దమే కాదు. ఈ ఆల్బమ్ మీద ముప్పై ఏళ్లుగా ఒక గొడవ నడుస్తోంది. అంతకుముందు ఈ బ్యాండ్ చేసిన రెండు ఆల్బమ్‌లూ మెత్తటివి. 1991లో వచ్చిన 'అవుట్ ఆఫ్ టైమ్' మాండొలిన్‌తో ప్రపంచమంతా తిరిగింది. అందులోని 'లూజింగ్ మై రెలిజియన్' వీడియో తీసినవాడు జలంధర్‌లో పుట్టిన తర్సేమ్ సింగ్. మన ఇళ్లలోకి శాటిలైట్ టీవీ వచ్చిన కొత్తలో చాలామంది ఆ బ్యాండ్ ముఖం మొదటిసారి చూసింది ఆ వీడియోలోనే. 1992లో వచ్చిన 'ఆటోమేటిక్ ఫర్ ద పీపుల్' ఇంకా నెమ్మది. చావు గురించి, పోగొట్టుకున్నవాళ్ల గురించి పాటలు, వెనక వయొలిన్లు. లెడ్ జెపెలిన్ బాసిస్టు జాన్ పాల్ జోన్స్ కొన్ని పాటలకు స్ట్రింగ్స్ కూర్చాడు. కోట్ల మందికి ఆర్.ఈ.ఎం. అంటే ఆ రెండు ఆల్బమ్‌లే.

ఆ తర్వాత వచ్చింది నారింజ రంగు అట్టతో మాన్‌స్టర్. మాండొలిన్ లేదు. వయొలిన్లు లేవు. గిటార్ గోడలా లేచి నిలబడింది, గాయకుడు మైకెల్ స్టైప్ గొంతు ఆ గోడ వెనక్కి పోయింది. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ నంబర్ వన్ అయింది, అమెరికాలో 40 లక్షల కాపీలకు పైగా షాపులకు చేరింది. ఆ తర్వాత అంతే జోరుగా సెకండ్ హ్యాండ్ షాపులకూ చేరింది. తొంభైల చివర అమెరికాలో ఏ పాత సీడీల షాపుకి వెళ్లినా ఆ నారింజ అంచు కనపడేదని అక్కడ ఉన్న తెలుగు మిత్రులు ఇప్పటికీ చెప్తారు.

"మంచి పాటల మీద చప్పుడు పోశారు" అనేది ఒక వర్గం మాట. మా బావ (మేనత్త కొడుకు) ఆ వర్గమే. ఆ చప్పుడే పాట అన్నది నా నమ్మకం. వాదించుకుంటూ కూర్చునే బదులు ఆ చప్పుడు లోపల ఏముందో కట్టి చూద్దామని మొదలుపెట్టాను.

సోమవారం

సామాన్లు కోఠి గుజరాతీ గల్లీలో తెచ్చాను. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ విడిభాగాలకు ఇప్పటికీ అదే దిక్కు. రెండు ఆప్-ఆంప్ ఐసీలు, అంటే సిగ్నల్‌ని పెంచే చిన్న చిప్‌లు (టీఎల్072 ఒకటి, టీఎల్062 ఒకటి), ఎల్‌డీఆర్‌లు (వెలుతురుని బట్టి మారే రెసిస్టర్లు) కొన్ని, 5 ఎం.ఎం. ఎర్ర ఎల్‌ఈడీలు, బీసీ547 ట్రాన్సిస్టర్లు, 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్, 500కె పాట్ (తిప్పి విలువ మార్చే రెసిస్టర్), రెసిస్టర్లు, నల్లటి హీట్ ష్రింక్ ట్యూబ్. ఎల్‌డీఆర్‌లు నాలుగైదు ఎక్కువే తీసుకోవాలి. ఒకే ప్యాకెట్‌లోవి కూడా ఒకదానితో ఒకటి సరిపోలవు. చీకట్లో ఒక్కోటి ఎంత రెసిస్టెన్స్ చూపిస్తుందో మల్టీమీటర్‌తో కొలిచి, ఎక్కువ చూపించినదాన్ని పక్కన పెట్టుకున్నాను.

సర్క్యూట్ సూత్రం చిన్నది. గిటార్ సిగ్నల్ వెళ్లే దారిలో ఒక 22కె రెసిస్టర్. దాని తర్వాత సిగ్నల్ నుంచి గ్రౌండ్‌కి ఎల్‌డీఆర్. వెలుతురు పడితే ఎల్‌డీఆర్ రెసిస్టెన్స్ మెగాఓమ్ నుంచి కొన్ని కిలోఓమ్‌లకు దిగుతుంది. అప్పుడు సిగ్నల్‌లో ఎక్కువ భాగం గ్రౌండ్‌లోకి జారిపోతుంది, శబ్దం తగ్గుతుంది. చీకటి పడితే శబ్దం మళ్లీ లేస్తుంది. ఎల్‌డీఆర్‌కి ఎదురుగా ఎల్‌ఈడీ పెట్టి, రెండిటినీ హీట్ ష్రింక్‌లో వెలుతురు చొరకుండా బిగించి, ఎల్‌ఈడీని లయగా వెలిగిస్తూ ఆర్పుతూ ఉంటే ట్రెమొలో తయారు.

ఇది నేను కనిపెట్టింది కాదు. అరవైల నాటి ఫెండర్ డీలక్స్ రివర్బ్, ట్విన్ రివర్బ్ గిటార్ ఆంప్‌ల (యాంప్లిఫయర్ల) లోపల ఉన్నదీ ఇదే ఏర్పాటు. అందులో ఎల్‌ఈడీ బదులు చిన్న నియాన్ బల్బు ఉంటుంది.

బుధవారం రాత్రి

బ్రెడ్‌బోర్డ్ (సోల్డరింగ్ లేకుండా గుచ్చి కట్టే పలక) మీద లయ పుట్టించే భాగం పూర్తయింది. టీఎల్062లోని రెండు ఆప్-ఆంప్‌లలో ఒకటి ఇంటిగ్రేటర్, ఇంకోటి ష్మిట్ ట్రిగ్గర్. ఒకటి నెమ్మదిగా ఎక్కుతుంటే రెండోది ఒక గీత దగ్గర కాపలా కాసి వెనక్కి తిప్పుతుంది. ఇంటిగ్రేటర్ దగ్గర ట్రయాంగిల్ వేవ్, ట్రిగ్గర్ దగ్గర స్క్వేర్ వేవ్, రెండూ ఒకే సర్క్యూట్‌లో దొరుకుతాయి. ట్రిగ్గర్ ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ దాని ఇన్‌పుట్ రెసిస్టర్‌కి రెట్టింపు ఉంటే వేగం లెక్క సులువు: ఒకటిని రెండు ఆర్.సి.తో (ఆర్ అంటే ఇంటిగ్రేటర్ రెసిస్టర్, సి అంటే కెపాసిటర్) భాగించడమే. కెపాసిటర్ 1 మైక్రోఫారడ్, 500కె పాట్‌తో వరసలో 47కె రెసిస్టర్ పెట్టాను. పాట్ పూర్తిగా ఒక పక్కకి తిప్పితే సెకనుకు 10 సార్లకు పైన, ఇంకో పక్కకి తిప్పితే ఒకసారి కంటే కాస్త తక్కువ. నిమిషానికి 120 బీట్ల పాటలో బీటుకి రెండు వణుకులు కావాలంటే సెకనుకు 4 కావాలి. అంటే రాక్ పాటలకు కావలసిన వేగాలన్నీ ఈ పాట్ తిరిగే మేరలోనే ఉన్నాయి.

ఎల్‌ఈడీ ఊపిరి పీల్చి వదులుతున్నట్టు వెలుగుతోంది. చాలాసేపు ఊరికే చూస్తూ కూర్చున్నాను.

గురువారం

గిటార్ తగిలించాను. శబ్దం వణికింది, కానీ నేను కాగితం మీద గీసుకున్న ట్రయాంగిల్‌లా కాదు. ఒరిగిన వణుకు అది. శబ్దం చప్పున పడిపోయి, నింపాదిగా లేస్తోంది. కారణం ఎల్‌డీఆర్ స్వభావం. కాడ్మియం సల్ఫైడ్ సెల్ వెలుతురుకి వెంటనే లొంగుతుంది, చీకటి పడ్డాక మాత్రం కోలుకోవడానికి టైమ్ తీసుకుంటుంది. వేగం పెంచేకొద్దీ అది పూర్తిగా కోలుకోకముందే మళ్లీ వెలుతురు పడుతుంది కాబట్టి వణుకు లోతు కూడా తగ్గిపోతుంది.

సాఫ్ట్‌వేర్ ట్రెమొలోలో ఈ ఒరుగు ఉండదు, రెండు వైపులా సమానంగా ఉంటుంది. ఆప్టికల్ ట్రెమొలోని ఇష్టపడేవాళ్లు ఎందుకు అంత పట్టుబడతారో ఇప్పుడు నా చెవికి తెలిసింది. పడిపోవడంలో దెబ్బ ఉంది, లేవడంలో బద్ధకం ఉంది. 'క్రష్ విత్ ఐలైనర్' పాటకి ఉన్న నడక ఇదే. ఒకమ్మాయి మీద పిచ్చి పట్టినవాడు తనని తాను వేరే మనిషిగా ఊహించుకునే పాట అది. గిటారిస్టు పీటర్ బక్ వాయించేది నిజానికి చాలా సాదా కార్డ్స్ (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు). ఆ సాదాతనం మీద వణుకు ఎక్కగానే పాటకి ఒక ఒయ్యారం, ఒక అహంకారం వచ్చేస్తాయి. ఆ పాటలో స్టైప్‌కి వెనక గొంతు ఇచ్చింది సోనిక్ యూత్ బ్యాండ్ థర్స్టన్ మూర్.

శుక్రవారం

స్క్వేర్ వేవ్‌కి మార్చగానే 'టిక్, టిక్, టిక్' అని గడియారం చప్పుడు. ట్రెమొలో కట్టే ప్రతివాళ్లకీ ఎదురయ్యేదే. ఎల్‌ఈడీ ఒక్కసారిగా వెలిగినప్పుడు 9 వోల్టుల లైన్ నుంచి ఒక్కసారిగా కరెంట్ లాగుతుంది, ఆ కుదుపు ఆడియో భాగంలోకి చేరుతుంది. నేను చేసినవి:

ఆడియో ఐసీకి కరెంట్ 100 ఓమ్ రెసిస్టర్, 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ మీదుగా విడిగా ఇచ్చాను. ఎల్‌ఈడీ గ్రౌండ్ తీగను ఆడియో గ్రౌండ్‌తో మధ్యలో ఎక్కడా కలపకుండా నేరుగా పవర్ జాక్ దగ్గరికే తీసుకెళ్లాను. స్క్వేర్ వేవ్ అంచుల్ని 10కె రెసిస్టర్, 1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌తో కాస్త గుండ్రం చేశాను. పది మిల్లీసెకన్ల మెత్తదనం చెవికి తెలియదు కానీ టిక్ మాత్రం పోతుంది. ఇన్‌పుట్ తీగ షీల్డెడ్ వాడాను. లయ భాగానికి టీఎల్062 తీసుకున్నది కూడా ఇందుకే, అది టీఎల్072 కంటే చాలా తక్కువ కరెంట్ తాగుతుంది.

ఇప్పుడు గిటార్ వాయించకపోతే నిశ్శబ్దమే.

శనివారం, బావ వచ్చాడు

ఈ రోజు ముఖ్యమైన పరీక్ష. ట్రెమొలో ముందా, డిస్టార్షన్ ముందా?

ట్రెమొలోని డిస్టార్షన్ పెడల్‌కి ముందు పెడితే వణుకు సగం మాయమవుతుంది. డిస్టార్షన్ అంటే పెద్ద అలల తలలు నరకడం. నరికాక పెద్దవీ చిన్నవీ దాదాపు ఒకే ఎత్తుకి వస్తాయి. కాబట్టి వాల్యూమ్ మారినట్టు తెలియదు, రంగు మారినట్టు తెలుస్తుంది. ఒక క్షణం గరుకు, ఒక క్షణం శుభ్రం. వినడానికి బాగుంది కానీ మాన్‌స్టర్ కాదు.

డిస్టార్షన్ తర్వాత ట్రెమొలో పెట్టాను. 'ఐ టుక్ యువర్ నేమ్' మొదటి కార్డ్ వాయించగానే బావ కుర్చీలో ముందుకి జరిగాడు. గరుకు గోడ అలాగే ఉంది, దాన్ని ఎవరో కత్తెరతో ముక్కలు ముక్కలుగా కోస్తున్నారు. కోసిన ముక్కల మధ్య ఖాళీ ఉంది. నిజంగా ఖాళీ. రెండు ముక్కల మధ్య గదిలో ఫ్యాన్ చప్పుడు కూడా వినపడుతోంది.

"ఇంత చప్పుడులో ఖాళీ ఎక్కడిదిరా?" అన్నాడు బావ.

"అదే బావా నేను ఇన్నాళ్లూ చెప్తున్నది. ఇది నిండుగా పోసిన చప్పుడు కాదు. సగం టైమ్ గిటార్ లేనే లేదు."

"అయినా ఆటోమేటిక్ లాంటి రికార్డు చేసినవాళ్లు మళ్లీ ఇది చేయడం ఏంటి? ఎవరడిగారు?"

అడిగిన మనిషి ఉన్నాడు. డ్రమ్మర్ బిల్ బెరీ. 1989లో 'గ్రీన్' ఆల్బమ్ టూర్ అయ్యాక ఆ బ్యాండ్ మళ్లీ టూర్‌కే వెళ్లలేదు. రెండు పెద్ద ఆల్బమ్‌లు, ఒక్క టూర్ లేదు. జార్జియా రాష్ట్రం ఏథెన్స్‌లో 1980లో చిన్న పార్టీలో మొదటిసారి వాయించి, వ్యాన్‌లో ఊళ్లు తిరిగి పైకి వచ్చిన నలుగురికి అది మామూలు విషయం కాదు. మళ్లీ స్టేజీ ఎక్కుదాం, ఎక్కితే గట్టిగా వాయించే పాటలు కావాలి అని బెరీ పట్టుబట్టాడు. అందుకే నిర్మాత స్కాట్ లిట్‌తో కలిసి 1994లో అట్లాంటాలోని క్రాస్‌ఓవర్ సౌండ్‌స్టేజ్‌లో స్టేజీ మీద నిలబడ్డట్టే నిలబడి వాయిస్తూ బేసిక్ ట్రాక్‌లు రికార్డు చేశారు. 'అవుట్ ఆఫ్ టైమ్'లో బాసిస్టు, డ్రమ్మర్ కూడా వాయిద్యాలు మార్చుకుని వాయించారు. మాన్‌స్టర్‌లో దాదాపుగా ఎవరి వాయిద్యం దగ్గరికి వాళ్లు తిరిగొచ్చారు.

బావ విన్నాడు కానీ ఒప్పుకోలేదు. భోజనం చేసి వెళ్లేటప్పుడు మాత్రం పెట్టె స్పీడ్ పాట్‌ని ఇంకోసారి తిప్పి చూశాడు.

తర్వాతి వారం, మంగళవారం

వెరోబోర్డ్ (రాగి చారలున్న చిల్లుల పలక) మీదకి సోల్డరింగ్ పూర్తి. దీని గురించి రాయడానికేమీ లేదు. ఐసీలకు బేస్‌లు వేయండి, నేరుగా అంటించకండి.

గురువారం, 'లెట్ మీ ఇన్' దగ్గర

ఈ రోజు పెట్టె వాడలేదు. ఈ పాటకి ట్రెమొలో అక్కర్లేదు, డిస్టార్షన్ ఒక్కటి చాలు.

ఆల్బమ్ మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పాట ఇది. నిర్వాణా గాయకుడు కర్ట్ కొబేన్ 1994 ఏప్రిల్ 5న చనిపోయాడు. అప్పటికి మాన్‌స్టర్ పని నడుస్తోంది. అతనూ స్టైప్ స్నేహితులు. కొబేన్‌ని ఆ చీకట్లోంచి బయటికి లాగాలని, కలిసి పాటలు చేద్దామని స్టైప్ పిలిచాడు, విమానం టికెట్ కూడా పంపాడు. అతను రాలేదు. అంతకు ఐదు నెలల ముందే, 1993 అక్టోబర్ 31న, స్టైప్‌కి దగ్గరి స్నేహితుడైన నటుడు రివర్ ఫీనిక్స్ చనిపోయాడు. ఆల్బమ్‌ని అతనికే అంకితం ఇచ్చారు. 'బ్యాంగ్ అండ్ బ్లేమ్'లో వెనక గొంతుల్లో ఒకటి రివర్ చెల్లెలు రెయిన్ ఫీనిక్స్‌ది.

ఈ విషయాలు తెలిశాక మాన్‌స్టర్‌ని సరదాకి చేసిన గోల అనుకోవడం నాకు చేతకాదు.

'లెట్ మీ ఇన్'లో గిటార్ వాయించింది బాసిస్టు మైక్ మిల్స్. డ్రమ్స్ లేవు, బాస్ లేదు. ఒక్క గిటార్, తర్వాత ఆర్గన్, ఆ తర్వాత తాంబురీన్. గిటార్ ఎంత గట్టిగా ఉందంటే అది లయ పట్టడానికి కూడా ఒప్పుకోదు, కార్డ్ మీద కార్డ్ కొడుతూ పోతుంది. స్టైప్ గొంతు దాని వెనక నుంచి అరుస్తుంది, సగం మాటలు అందవు. తలుపు బయట నిలబడి లోపలికి రానివ్వమని వేడుకునే మనిషి పాట అది. మాటలు స్పష్టంగా వినపడితే తలుపు తెరుచుకున్నట్టే కదా!

నా గదిలో దీన్ని వాయించడం చెయ్యి నొప్పి పుట్టించే పని. పిక్‌ని వేగంగా ఆడిస్తూనే ఉండాలి, కార్డ్ మారేటప్పుడు కూడా ఆపకూడదు. ఆంప్‌ని గోడకి దగ్గరగా జరిపి, గిటార్‌ని దానికి ఎదురుగా తిప్పితే ఫీడ్‌బ్యాక్ మొదలవుతుంది. అప్పుడు తీగలు వాటంతట అవే పాడటం మొదలుపెడతాయి. ఆ ఫీడ్‌బ్యాక్ ఎక్కడ మొదలవుతుందో వెతుక్కుంటూ గదిలో అడుగు అడుగు జరగాలి. నేలమీద చాక్‌పీస్‌తో గుర్తు పెట్టుకున్నాను.

కొబేన్ చేతి గిటార్ ఒకటి, ఫెండర్ జాగ్-స్టాంగ్, కోర్ట్నీ లవ్ పీటర్ బక్‌కి ఇచ్చింది. కొబేన్ ఎడమచేతి వాటం కాబట్టి అది ఎడమచేతి గిటార్. 1995 టూర్‌లో ఈ పాట వచ్చినప్పుడు మిల్స్ ఆ గిటారే పట్టుకుని వాయించేవాడు.

శనివారం, ఆదివారం: మిక్సింగ్

ప్రాజెక్టులో నేను ఎదురుచూసిన భాగం ఇదే.

2019 నవంబర్‌లో, మాన్‌స్టర్ 25 ఏళ్ల సెట్‌లో స్కాట్ లిట్ ఆల్బమ్ మొత్తాన్ని మళ్లీ మిక్స్ చేశాడు. ఇంకో అవకాశం దొరికితే ఇది మళ్లీ మిక్స్ చేస్తానని ఆయన చాలా ఏళ్లుగా బ్యాండ్‌తో అంటూనే ఉన్నాడు. కొత్త మిక్స్‌లో గొంతు ముందుకొచ్చింది. గిటార్ పొరలు కొన్ని వెనక్కి తగ్గాయి, గాలి ఆడుతోంది. గొడవ మళ్లీ మొదలైంది. ఇన్నాళ్లకి పాటలు వినపడ్డాయని కొందరు, పులి గోళ్లు తీసేశారని ఇంకొందరు.

ఎవరిది నిజమో మన చేతుల్లో చూద్దామని నేను రాసుకున్న ఒక చిన్న తెలుగు పాట తీసుకున్నాను. బావని పాడమన్నాను. గిటార్ రెండుసార్లు రికార్డు చేసి ఒకటి ఎడమ, ఒకటి కుడి. రెండిటికీ డిస్టార్షన్ తర్వాత మన పెట్టె. మధ్యలో డ్రమ్ మెషిన్. బావ గొంతు ఒకే టేక్, మూడు మిక్స్‌లు: గొంతూ గిటార్లూ సమానంగా ఒకటి, గొంతు 6 డెసిబెల్స్ కింద ఒకటి, 6 డెసిబెల్స్ పైన ఒకటి. 6 డెసిబెల్స్ అంటే వోల్టేజీ లెక్కలో సగమో, రెట్టింపో.

గొంతు పైన పెట్టిన మిక్స్ రేడియోలా ఉంది. మాట మాటా అందుతోంది. గిటార్లు ఎక్కడో పక్క గదిలో చిన్నవైపోయాయి. ట్రెమొలో అలంకారంగా మిగిలింది.

గొంతు కింద పెట్టిన మిక్స్‌లో ఇంకోటి జరిగింది. గిటార్ డిస్టార్షన్ 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ దాకా మొత్తం ఆక్రమిస్తుంది. మన చెవి హల్లుల్ని గుర్తుపట్టేది ఎక్కువగా ఆ జాగాలోనే. కాబట్టి హల్లులు మునిగాయి. అచ్చులు మాత్రం తేలాయి. తెలుగులో మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బావ గొంతులో ప్రతి మాట తోకా బయటికి వినపడుతోంది. ఇంగ్లీషులో ఆ వెసులుబాటు లేదు. స్టైప్ మాటలకి చివరి హల్లు కొట్టుకుపోతే మాటే సగం పోతుంది. అంతకంటే ముఖ్యం, ట్రెమొలో శబ్దాన్ని కిందికి దించిన ప్రతిసారీ ఆ ఖాళీలో గొంతు ఒక్క ముక్క బయటపడుతుంది. మళ్లీ గిటార్ లేస్తుంది, గొంతు దాక్కుంటుంది. వినేవాడు ముందుకి వంగి వెతుక్కోవాలి.

అప్పుడు నాకు 'మర్మర్' గుర్తొచ్చింది. 1983లో వచ్చిన ఆర్.ఈ.ఎం. మొదటి పూర్తి ఆల్బమ్. మిచ్ ఈస్టర్, డాన్ డిక్సన్ నిర్మాతలు. అందులో స్టైప్ గొణుగుతాడు. గొంతు వాయిద్యాల మధ్య ఇంకో వాయిద్యంలా కూర్చుంటుంది, మాటలు సగం తెలియవు. అప్పట్లో దాన్ని అందరూ మెచ్చుకున్నారు. రహస్యంగా ఉంది, మళ్లీ మళ్లీ వినాలనిపిస్తుంది అన్నారు. ఆ తర్వాత ఆల్బమ్ ఆల్బమ్‌కీ గొంతు పైకొచ్చి, ఆటోమేటిక్ నాటికి చెవి పక్కన కూర్చుని మాట్లాడే దూరానికి వచ్చింది. మాన్‌స్టర్‌లో మారింది గిటార్. గొంతు మాత్రం మొదలుపెట్టిన చోటికే తిరిగి వెళ్లింది. బ్యాండ్ తన దారి వదిలేసిందన్నవాళ్లు గిటార్‌నే విన్నారని నా అభిప్రాయం.

తేడా ఒకటుంది, దాన్ని కూడా ఒప్పుకోవాలి. మర్మర్‌లో గొంతు దాక్కున్నది సిగ్గుతో. మాన్‌స్టర్‌లో దాక్కున్నది వేషంతో. ఈ పాటల్లో మాట్లాడేది స్టైప్ కాదు, పాత్రలు. వెంటపడేవాడు, అబద్ధాలాడేవాడు, కుర్రకారు భాష తలకెక్కని పెద్దమనిషి. అలాంటివాళ్ల మాట ఎంత స్పష్టంగా వినపడితే అంత చిన్నబోతుంది. లిట్ 2019 మిక్స్ మీద నాకు గౌరవం ఉంది. 'స్ట్రేంజ్ కరెన్సీస్' లాంటి పాటకి అది మేలే చేసింది, ఎందుకంటే అది నిజంగా ఒక ప్రేమపాట, దాక్కోవలసిన పని లేదు. 'క్రష్ విత్ ఐలైనర్' మాత్రం నేను 1994 మిక్స్‌లోనే వింటాను.

బావ మూడు మిక్స్‌లూ హెడ్‌ఫోన్స్‌తో విన్నాడు. ఏది ఏదో నేను చెప్పలేదు. సమానంగా ఉన్నదాన్ని ఎంచుకున్నాడు. "కిందున్నదాంట్లో నా గొంతు నాకే కొత్తగా ఉందిరా, అది కూడా పంపు" అన్నాడు. రెండూ పంపాను.

బుధవారం

'వాట్స్ ద ఫ్రీక్వెన్సీ, కెన్నెత్?' ఈ రోజు చివరి దాకా వాయించాను. మాన్‌స్టర్ మొదటి పాట, మొదటి సింగిల్. పేరు వెనక ఉన్నది 1986 అక్టోబర్‌లో న్యూయార్క్‌లో జరిగిన ఒక దాడి. టీవీ న్యూస్ యాంకర్ డాన్ రాదర్‌ని వీధిలో కొట్టిన మనిషి ఈ ప్రశ్ననే అడుగుతూ కొట్టాడు.

క్లిక్ ట్రాక్ (ఒకే వేగంతో టిక్కుమనే తాళం) పెట్టుకుని ఈ పాట నేర్చుకోవాలంటే కుదరదు. చివరికి వచ్చేసరికి రికార్డు నెమ్మదిస్తుంది. రికార్డింగ్ జరుగుతుండగా మైక్ మిల్స్‌కి కడుపునొప్పి ముదిరింది, అపెండిసైటిస్. అతను నెమ్మదిస్తే మిగతావాళ్లూ అతనితో పాటే నెమ్మదించారు. ఆ టేక్‌నే ఉంచేశారు. క్లిక్ ఆపేసి, రికార్డుతోనే వాయించి, ఆ తగ్గుదలని చేతికి ఎక్కించుకోవాలి. ఒకే గదిలో కలిసి వాయించారన్నదానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

శరీరాలు ఆ తర్వాత కూడా వాళ్లని వదల్లేదు. 1995 మార్చి 1న స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో కచేరీ మధ్యలో బిల్ బెరీ తలనొప్పితో స్టేజీ దిగిపోయాడు. మెదడులో అన్యూరిజమ్, అంటే రక్తనాళం ఉబ్బడం. ఆపరేషన్ అయింది, బతికాడు, మే నెలకల్లా మళ్లీ డ్రమ్స్ దగ్గర కూర్చున్నాడు. అదే టూర్‌లో మిల్స్‌కి కడుపు ఆపరేషన్, స్టైప్‌కి హెర్నియా ఆపరేషన్. అంత జరిగినా ఆ టూర్ సౌండ్‌చెక్‌లలో, స్టేజీల మీద కొత్త పాటలు రికార్డు చేస్తూనే ఉన్నారు. 1996లో వచ్చిన 'న్యూ అడ్వెంచర్స్ ఇన్ హై-ఫై' అందులోంచి పుట్టిందే. మాన్‌స్టర్ గరుకు, ఆటోమేటిక్ మెత్తదనం రెండూ అందులో ఒకే చోట ఉంటాయి. బావకి తర్వాత వినిపించబోయేది అదే.

మళ్లీ స్టేజీ ఎక్కుదామని పట్టుబట్టిన బెరీ 1997లో బ్యాండ్ వదిలి సొంత పొలానికి వెళ్లిపోయాడు.

శనివారం

పెట్టె మూత బిగించాను. అల్యూమినియం డబ్బా, నారింజ స్ప్రే పెయింట్. పైన మూడు పాట్‌లు (వేగం, లోతు, వాల్యూమ్), ట్రయాంగిల్, స్క్వేర్‌ల మధ్య మార్చే స్విచ్, బైపాస్ ఫుట్‌స్విచ్. వాల్యూమ్ పాట్ మర్చిపోకండి. ట్రెమొలో శబ్దాన్ని కిందికే దించుతుంది కాబట్టి ఆన్ చేయగానే మొత్తం మీద తగ్గినట్టు అనిపిస్తుంది, ఆ నష్టం పూడ్చడానికి చివర్లో కొంచెం గెయిన్ కావాలి. డబ్బా మూత సందుల్లోంచి వెలుతురు ఎల్‌డీఆర్ మీద పడకుండా చూసుకోండి. ట్యూబ్ లైట్ వెలుతురు చేరితే సెకనుకు 100 సార్ల సన్నని బుర్రుమనే శబ్దం పాటలోకి వస్తుంది.

నా సెట్టింగులు: 'క్రష్ విత్ ఐలైనర్'కి ట్రయాంగిల్, లోతు ముప్పావు. 'ఐ టుక్ యువర్ నేమ్'కి స్క్వేర్, లోతు పూర్తిగా. 'బ్యాంగ్ అండ్ బ్లేమ్'కి ట్రయాంగిల్, లోతు సగం, డిస్టార్షన్ బాగా తగ్గించి.

ఇంకా మిగిలింది 'కెన్నెత్'లోని వెనక్కి మోగే సోలో. దాన్ని పెట్టెతో చేయలేం. పాటని లాప్‌టాప్‌లో వెనక నుంచి ముందుకి తిప్పి, తిరగబడిన కార్డ్స్ మీద సోలో వాయించి రికార్డు చేసి, మళ్లీ మొత్తాన్ని తిప్పాలి. తిరగబడిన కార్డ్స్ వరస కాగితం మీద రాసి గోడకి అంటించాను. బావ బాస్ పట్టుకుని రేపు పొద్దున వస్తానన్నాడు.